ఏదుముల్లు పట్టేంత సందు

అనగనగా, రోళ్ళు పగిలే ఎండలూ వాగులు పొంగే వానలూ రెండూ తెలిసిన ఒక అడవిలో, ఒక బెట్టుడుత ఉండేది. దాని పేరు కెంపి. మన పెరట్లో జామకాయ కొరికి పారేసే ఉడుత లాంటిదే అనుకునేరు, కాదు. బెట్టుడుత దాదాపు పిల్లి అంత ఉంటుంది. ఒళ్ళు ఎర్రగా మెరుస్తుంది. తోకైతే ఒంటికంటే పొడుగు.

ఆ అడవిలో ఎవరింటికి కావలసిన చెక్క సామాను వాళ్ళే చేసుకునేవారు. కోతి తన పిల్లకు ఉయ్యాల చేసుకునేది. ఎలుగుబంటి కూర్చోవడానికి పీట చేసుకునేది. పీటకు నాలుగు కాళ్ళూ సమానంగా రాక, కూర్చున్నప్పుడల్లా పక్కకు ఒరిగేది, అది వేరే సంగతి. పని తెలియనివాళ్ళు కొండ మీదికి వెళ్ళి ఏదు తాత దగ్గర నేర్చుకునేవారు. ఏదు అంటే ఒంటినిండా ముళ్ళుండే ఏదుపంది. అడవిలో అంత వయసున్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

కెంపి కూడా తాత దగ్గరే పని నేర్చుకుంది. చెక్క అంటే దానికి ప్రాణం. పడిపోయిన మానును అడ్డంగా కొరికినప్పుడు లోపల గుండ్రటి గీతలు కనిపిస్తాయి కదా, వాటిని చూస్తూ కెంపి తిండి కూడా మరిచిపోయేది. ఒక్కో గీత ఒక్కో ఏడాది. వెడల్పు గీత ఉంటే ఆ ఏడు వానలు బాగా పడ్డాయని అర్థం. సన్నటి గీత ఉంటే కరువు.

"తాతా, ఈ చెట్టు నేను పుట్టకముందు మూడేళ్ళ కరువు చూసింది" అనేది కెంపి, గొంతు తగ్గించి.

"చూసి, ఓర్చుకుంది" అనేవాడు తాత.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఎవరు తలుపు చేసినా ముందు ఏదు తాతను పిలవాలి. తాత తన వీపు మీంచి ఊడిన ఒక ముల్లు తెచ్చేవాడు. తలుపుకూ దాని చుట్టూ ఉన్న రాయికీ మధ్య ఆ ముల్లు పెట్టి, పైనుంచి కిందికి, ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పేవాడు. ముల్లు ఎక్కడా ఇరుక్కోకుండా తిరగాలి. అలా తిరిగితే తలుపు మీద ఎర్రమన్ను బొట్టు పెట్టేవాడు. ఎక్కడైనా ఇరుక్కుంటే, బొట్టు లేదు. మళ్ళీ అంచు చెక్కుకోవాల్సిందే.

కెంపికి ఈ ఆచారం నచ్చేది కాదు. "ఇంత బాగా అతికించి, చివరికి సందు వదలడమేమిటి?" అనుకునేది. ఎందుకని ఒక్కసారైనా తాతను అడిగిందా అంటే, అడగలేదు. తనకే ఒక సమాధానం తోచింది. 'తాతకు చూపు తగ్గింది. పళ్ళు అరిగిపోయాయి. సరిగ్గా అతకడం చేతకాక, ఆ చేతకానితనానికి ఆచారం అని పేరు పెట్టాడు' అనుకుంది.

చూశారా పిల్లలూ, తెలియనిదాన్ని అడగడం మానేసి మనమే ఒక జవాబు అల్లుకుంటే, అది ఎప్పుడూ మనకు అనుకూలంగానే ఉంటుంది.

ఒక ఎండాకాలం ముంగిస రత్తమ్మ కెంపిని వెతుక్కుంటూ వచ్చింది. రత్తమ్మ కడుపుతో ఉంది. బండల మధ్య ఒక చిన్న గుహలో దాని కాపురం. గుహకు కింద రాయి, పైన రాయి, పక్కల రాయి. ముందు మాత్రం నోరు తెరిచినట్టు ఉంటుంది.

"కెంపీ, నాకొక తలుపు కావాలి" అంది రత్తమ్మ. "పోయినేడు నేను తిండికి వెళ్ళి వచ్చేలోగా పాము దూరి నా పిల్లల్ని మింగేసింది. ఈసారి నేను మళ్ళీ ఆ దుఃఖం పడలేను. చీమ కూడా దూరని తలుపు చేసిపెట్టు."

కెంపి కళ్ళు మెరిశాయి. ఇన్నాళ్ళూ అలాంటి పని కోసమే ఎదురుచూసింది.

"వెంట్రుక దూరని తలుపు చేస్తాను, రత్తమ్మక్కా. నువ్వు నిశ్చింతగా ఉండు" అంది.

రోహిణి కార్తె దగ్గర పడుతోంది. బండలు పెనంలా కాలుతున్నాయి. కెంపి ఒక మద్ది మాను ఎంచుకుంది. నాలుగు వేళ్ళ మందాన పలక తీసింది. దాన్ని ఆ ఎండలోనే ఆరబెట్టింది. పళ్ళతో అంచులు గీసింది. గరుకు ఆకులతో రుద్దింది. పలకను గుహ నోటికి ఆనించి చూడటం, ఎక్కడ తగులుతోందో గుర్తు పెట్టుకోవడం, అక్కడ ఇంత గీకడం, మళ్ళీ ఆనించడం. ఇరవై రోజులు ఇదే పని. రాయి ఎక్కడ వంగితే చెక్కా అక్కడ వంగింది. రాయికి ఎక్కడ గుంట ఉంటే చెక్కకు అక్కడ బుడిపె వచ్చింది. తలుపుకు ఒక పక్క పైనా కిందా గుండ్రటి మొనలు తీసి రాతి గుంటల్లో నిలబెట్టింది. లాగి తెరవడానికి బయటి వైపు ఒక నారతాడు కట్టింది. వేలితో తోస్తే తలుపు చప్పుడు లేకుండా తిరిగి మూసుకునేది. మూసుకున్నాక రాయి ఎక్కడ అయిపోయిందో, చెక్క ఎక్కడ మొదలైందో చేత్తో తడిమితేనే తెలిసేది.

అడవి అంతా చూడటానికి వచ్చింది.

ముందు ఎలుగుబంటి వచ్చి తన ఒంటి మీది వెంట్రుక ఒకటి పీకి అంచున పెట్టి తోసింది. వెంట్రుక మెలికపడిందే గాని లోపలికి పోలేదు. తరువాత చీమ వచ్చి చుట్టూ తిరిగింది. దారి దొరక్క వెనక్కి వెళ్ళిపోయింది. చివరికి రత్తమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

"ఒక్క వెలుతురు గీత కూడా రావడం లేదమ్మా" అంది లోపల్నుంచి. ఏడాదిగా కంటినిండా నిద్రపోని తల్లి గొంతు అది.

అందరూ నోరెళ్ళబెట్టి చూశారు. కెంపి కూడా తన పనిని తానే నమ్మలేనట్టు చూసుకుంది. పళ్ళతో కొరికిన చెక్క ఇంత అందంగా వస్తుందా అనిపించింది. ఆ సంతోషం నిజమైనదే. దాన్ని తప్పు పట్టకండి.

అప్పుడే ఏదు తాత మెల్లగా కొండ దిగి వచ్చాడు. ముల్లు తీసి తలుపు అంచున పెట్టాడు. ముల్లు దూరలేదు. ఇంకోచోట పెట్టాడు. దూరలేదు. మూడోసారి పైన పెట్టాడు. అక్కడా దూరలేదు.

"పని చాలా గొప్పగా ఉంది, కెంపీ. నా జన్మలో నేను ఇలా అతకలేదు" అన్నాడు తాత. "కానీ బొట్టు పెట్టలేను."

కెంపికి తల కొట్టేసినట్టయింది. ఇంతమంది ముందు ఆ మాటా?

"నీకు చేతకాకపోతే అందరూ సందులు వదలాలా తాతా?" అనేసింది. "నీ కళ్ళు మసకబారాయి. నీ పళ్ళు అరిగాయి. ముల్లు దూరే సందులో పాము పిల్ల దూరదా?"

తాత ముళ్ళు ఒకసారి లేచి, మళ్ళీ మెల్లగా పడుకున్నాయి.

"చెక్కకు ఇంకా దాహం ఉందమ్మా" అన్నాడు తాత. "వానలు రాకముందే ఒకసారి నా దగ్గరికి రా. చెబుతాను."

"కొట్టేసిన చెక్కకు దాహమేమిటి?" అని నవ్వింది కెంపి.

తాత వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. కెంపి ఆ తరువాత కొండ వైపు చూడనైనా చూడలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాళ్ళకు నాలుగో కాలు చూపించడం ఎవరి తరం?

మృగశిర కురిస్తే ముంగిళ్ళు చల్లబడతాయంటారు. ఆ ఏడూ అలాగే చల్లబడ్డాయి. తొలి జల్లులు పడ్డాయి. రత్తమ్మకు మూడు పిల్లలు పుట్టాయి. అవి ఇంకా కళ్ళు తెరవలేదు.

ఒకరోజు రత్తమ్మ కెంపితో అంది, "తలుపు కొంచెం కిర్రుమంటోందే. తీసేటప్పుడు రెండు చేతులా లాగాల్సి వస్తోంది."

"కొత్త తలుపు కదక్కా, బిగువుంటుంది. గట్టిగా లాగు, అదే అలవాటవుతుంది" అంది కెంపి.

కొండ మీదికి వెళ్ళి అడగడానికి అది ఇంకో అవకాశం. కెంపి దాన్నీ వదిలేసుకుంది.

తరువాత ముసురు పట్టింది. ఒక రోజు, రెండు రోజులు. ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. మూడో రోజు పొద్దున కెంపి కొమ్మల మీదుగా రత్తమ్మ గుహ వైపు వచ్చింది. ఎందుకంటారా? ఇంత వానలోనూ చుక్క నీరు దూరని తన తలుపును చూసి మురిసిపోదామని.

గుహ పక్కన బండలో నిలువునా ఒక సన్నటి చీలిక ఉంది. అది ఎప్పటి నుంచో ఉన్నదే, లోపలిదాకా పోదు గానీ అక్కడ రాయి పలచన. ఆ చీలికలోంచి రత్తమ్మ గొంతు వినిపించింది.

"ఎవరైనా ఉన్నారా? తలుపు రావడం లేదు. నేల తడుస్తోంది."

కెంపి గబగబా కిందికి దిగింది. తలుపు తాడు పట్టుకుని లాగితే అది తెగి చేతికొచ్చింది. ఇక పట్టుకోవడానికి ఏదీ? అంచున గోరు పెట్టడానికి కూడా చోటు లేదు. తలుపు, రాయి ఒకదాన్నొకటి కరిచి పట్టుకున్నాయి.

"లోపలికి నీళ్ళెలా వచ్చాయక్కా? నా తలుపులోంచి నీళ్ళు రావు" అంది కెంపి.

"తలుపులోంచి కాదమ్మా. వెనక గోడలోంచి ఊట వస్తోంది. ప్రతి ఏడూ వస్తుంది. వచ్చిన నీళ్ళు వచ్చినట్టే బయటికి పోయేవి. ఇప్పుడు పోవడానికి దారి లేదు."

చుక్క నీరు లోపలికి రాని తలుపు చుక్క నీరు బయటికి కూడా పోనివ్వదు. ఆ గుహ ఇప్పుడు మూత పెట్టిన కుండ. కుండలో తల్లీ, మూడు పిల్లలూ ఉన్నారు.

కెంపి కేక విని ఎలుగుబంటి పరిగెత్తుకొచ్చింది. తలుపు తెరవాలంటే బయటికి లాగాలి. ఎలుగుబంటి గోళ్ళు ఎంత పొడుగో మీకు తెలుసు. చెట్టు బెరడు చీల్చే గోళ్ళు అవి. అంచు చుట్టూ తడిమింది.

"ఒక్క సందు ఉంటే ఒక్క గుంజుకు లాగేస్తాను. ఎక్కడ పెట్టను గోరు?" అంది ఎలుగుబంటి.

ఎలుగుబంటి భుజంతో గుద్దింది. లోపలికైనా విరిగిపడుతుందేమో అని మళ్ళీ గుద్దింది. నాలుగు వేళ్ళ మందపు మద్ది పలక కదల్లేదు. "గడ్డి పరుపు తేలిపోతోంది" అంది రత్తమ్మ లోపల్నుంచి.

అప్పుడు కెంపి తన పళ్ళనే నమ్ముకుంది. తలుపు అంచును కొరకడం మొదలుపెట్టింది. ఇరవై రోజులు ముద్దుగా రుద్దిన అంచు అది. ఇప్పుడు దాన్ని కసిగా కొరికింది. కానీ రాయిని ఆనుకుని ఉన్నచోట పన్ను తిరగడానికి జాగా లేదు. ఒక్కసారి గట్టిగా కొరికేసరికి పన్ను రాతికి తగిలి కొస విరిగింది. నోట్లో రక్తం ఊరింది.

"కెంపీ" అంది రత్తమ్మ. ఈసారి గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "పిల్లల్ని నెత్తిన పెట్టుకున్నాను. నీళ్ళు నా రొమ్ము దాకా వచ్చాయి."

ఎలుగుబంటి కెంపి వైపు చూసింది. "తాత దగ్గరికి వెళ్ళు" అంది.

"ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను మామా?"

"ఉన్న ముఖం పెట్టుకునే వెళ్ళు. వేరేది తయారుచేసుకునే టైము లేదు."

కెంపి గబుక్కున చెట్టెక్కింది. కొమ్మ నుంచి కొమ్మకు దూకుతూ కొండ వైపు పరిగెత్తింది.

తాత గుహలో వాన పడని చోట పలకలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక పలకకూ ఇంకో పలకకూ మధ్య సన్నటి పుల్లలు పెట్టి ఉన్నాయి, గాలి ఆడటానికి. ఇదివరకు కెంపి వాటిని చూసి, "ముసలాయన పుల్లలు కూడా దాచుకుంటున్నాడు" అని నవ్వుకునేది. ఇప్పుడు నవ్వలేదు.

"తాతా, తలుపు పట్టేసింది. రత్తమ్మక్క లోపల ఉంది. పిల్లలున్నాయి. నీళ్ళు నిండుతున్నాయి" అంది. తరువాత తలవంచుకుని, "నువ్వు చెప్పిన దాహం మాట అర్థం కాక నవ్వాను. తప్పు నాది" అంది.

తాత 'నేను అప్పుడే చెప్పానా' అనలేదు. అలా అనకుండా ఉండటం ఎంత కష్టమో పెద్దవాళ్ళను అడగండి. ఒకే ఒక్క మాట అడిగాడు.

"తలుపు పక్క బండలో చీలిక ఉందా?"

"ఉంది తాతా. ఆ చీలికలోంచే మాట వినిపిస్తోంది."

తాత లోపలికి వెళ్ళి ఒక ఆకుల మూట తెచ్చాడు. మూటలో తొమ్మిది చెక్క మేకులు ఉన్నాయి. ఒక చివర మొనగా, ఒక చివర వెడల్పుగా ఉన్నాయి. చేత్తో పట్టుకుంటే ఈకల్లా తేలిగ్గా ఉన్నాయి.

"మూడు ఎండాకాలాలు ఎండాయి ఇవి" అన్నాడు తాత. "వీటికి ఎంత దాహం ఉందో నీకూ నాకూ తెలియదు. వీటిని ఆ చీలికలో పైనుంచి కిందికి వరసగా దిగ్గొట్టించు. కొట్టాక ఎవరూ ముట్టుకోవద్దు. కానీ ఒక మాట. దారిలో ఒక్క చుక్క కూడా వీటిని తాకకూడదు. దారిలోనే తాగేస్తే అక్కడ తాగవు."

కెంపి బయటికి చూసింది. ఆకాశం కుండలతో కుమ్మరిస్తోంది. ఈ వానలో ఎండు పుల్లలను పొడిగా తీసుకుపోవాలి. అదీ కొండ మీంచి లోయ దాకా.

మూటను రొమ్ముకు హత్తుకుంది. తన పొడవాటి తోకను ముందుకు తిప్పి మూట మీద రెండు చుట్లు చుట్టింది. చెట్ల మీద దూకేటప్పుడు బెట్టుడుతకు తోకే ఆసరా. తోక లేకుండా దూకడమంటే మనం చేతులు కట్టుకుని గోడ మీద నడిచినట్టు. అయినా దూకింది. ఒక కొమ్మ మీద జారింది. ఇంకో కొమ్మ మీద జారి, వెన్ను కొట్టుకుంది. మూడోసారి జారినప్పుడు మూట సడలి ఒక మేకు బురదలో పడింది. కెంపి దానికోసం ఆగలేదు. మిగిలిన ఎనిమిదింటిని ఇంకా గట్టిగా హత్తుకుని పరిగెత్తింది.

గుహ దగ్గరికి వచ్చేసరికి రత్తమ్మ గొంతు వినిపించడం లేదు. పిల్లల కీచుమనే చప్పుడు మాత్రం సన్నగా వినిపిస్తోంది.

ఎలుగుబంటి ఒళ్ళు అడ్డం పెట్టి వానను ఆపింది. ఆ నీడలో కెంపి మూట విప్పింది. మేకులు పొడిగా ఉన్నాయి. చీలికలో ఒక్కొక్కటే మొన ఆనించి పట్టుకుంది. ఎలుగుబంటి రాయితో కొట్టింది. ఎనిమిదీ వరసగా దిగాయి. తరువాత ఎలుగుబంటి పక్కకు తప్పుకుంది. వాన మేకుల మీద పడింది.

ఏమీ జరగలేదు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అంది ఎలుగుబంటి.

"ఏమీ చెయ్యకూడదట" అంది కెంపి.

అంతకంటే కష్టమైన పని ప్రపంచంలో లేదని కెంపికి ఆ రోజు తెలిసింది. చేతులు ఊరికే ఉండవు. కాళ్ళు ఊరికే ఉండవు. లోపల ప్రాణాలు పోతుంటే బయట నిలబడి తడిసే పుల్లలను చూడాలి. ఇంతలో ఏదు తాత రొప్పుతూ వచ్చాడు. వాళ్ళ పక్కనే వానలో కూర్చున్నాడు.

"ఎనిమిదే తెచ్చాను తాతా. ఒకటి పడేశాను" అంది కెంపి.

"ఎనిమిది చాలు. చెవి పెట్టి విను" అన్నాడు తాత.

కెంపి తడి బండకు చెవి ఆనించింది. మొదట వాన చప్పుడు. తరువాత తన గుండె చప్పుడు. ఆ తరువాత, ఆ రెంటికీ అడుగున, ఇంకేదో వినిపించింది. టిక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టిక్.

మేకులు తాగుతున్నాయి. ఎప్పుడో కొట్టేసిన చెట్టు, మూడు ఎండాకాలాలు ఎండిన చెట్టు, నోరు తెరిచి వానను తాగుతోంది. గుండ్రటి గీతల్లో తాను చూసిన ఆ తాగుడే ఇది. చెట్టు పడిపోయినా ఆగలేదు. కొరికినా ఆగలేదు. తన తలుపు కూడా ఇలాగే మూడు రోజులుగా తాగుతూ ఉంది. తాగి, ఒళ్ళు పెంచుకుని, పెరగడానికి చోటు లేక రాయిని పట్టుకుంది. ఇన్నేళ్ళూ చెక్క మీద బతికి, చెక్కను ప్రేమించి, అది బతికే ఉందని తనకు తెలియలేదు. కెంపికి ఒళ్ళంతా గగుర్పొడిచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయం వల్ల కొంత, ఆశ్చర్యం వల్ల కొంత.

టిక్. టిక్. ఆ తరువాత ఠప్పుమని ఒక చప్పుడు.

చీలిక పైనుంచి కిందిదాకా నోరు విప్పింది. ఏనుగు ఒరుసుకున్నా కదలని బండ, ఎనిమిది తడి పుల్లలకు రెండుగా విడిపోయింది. ముందు పెచ్చు నెమ్మదిగా, ఎవరో చేత్తో తోసినట్టు, బయటికి ఒరిగి పడిపోయింది. దాన్ని పట్టుకుని ఉన్న తలుపు కూడా దానితోపాటే పడింది. లోపలి నీళ్ళు ఒక్కసారిగా బయటికి దూకాయి.

ఆ నీళ్ళతో పాటు రత్తమ్మ వచ్చింది. నోట్లో ఒక పిల్ల. ఎలుగుబంటి లోపలికి చెయ్యి పెట్టి మూలనున్న ఎత్తు రాతి మీది నుంచి ఇంకో పిల్లను తీసింది. మూడో పిల్ల కనబడలేదు. తేలుతున్న గడ్డి పరుపు వాళ్ళ కాళ్ళ దగ్గరికి కొట్టుకొచ్చి ఆగింది. దాని మీద మూడోది, కళ్ళు మూసుకుని, కోపంగా కీచుమంటోంది.

రత్తమ్మ మూడింటినీ ఒళ్ళోకి లాక్కుని నాకింది. చాలాసేపు నాకింది. తరువాత కెంపి వైపు చూసింది.

"చీమ కూడా దూరకూడదని అడిగింది నేనే కదమ్మా" అంది.

"అడిగింది నువ్వే. చేసింది నేను" అంది కెంపి.

ఏదు తాత గొంతు సవరించుకున్నాడు. "నాదీ ఒక తప్పుంది. ఆ రోజే కూర్చోబెట్టి చెప్పాల్సింది. మాట పడ్డానన్న రోషంతో వెళ్ళిపోయాను" అన్నాడు. ముసలివాళ్ళకూ రోషం ఉంటుంది మరి.

వానలు వెనకపట్టాక రత్తమ్మ ఊట లేని మిట్ట మీద కొత్త గుహ చూసుకుంది. కెంపి కొత్త తలుపు మొదలుపెట్టింది. ఈసారి పని మొదలుపెట్టకముందే కొండెక్కింది.

"తాతా, ముల్లు దూరేంత సందు ఉంచుతాను. మరి పాము పిల్ల దూరకుండా ఏం చెయ్యాలి?" అని అడిగింది.

తాత నవ్వాడు. "ఇన్నేళ్ళకు అడిగావు" అన్నాడు. నాలుగు సన్నటి చెక్క పట్టీలు తీసి చూపించాడు. "తలుపు చుట్టూ సందు ఉంచు. ఆ సందుకు లోపలి వైపు, రాయికి ఈ పట్టీలు బిగించు. తలుపు మూస్తే వచ్చి పట్టీని ఆనుకుంటుంది. చెక్క ఒళ్ళు పెంచుకోవడానికి పక్కన చోటుంటుంది. పాముకు పట్టీ అడ్డం. కింద మాత్రం నీళ్ళు జారిపోయేంత దారి వదులు."

అంతే. అంత తేలిక. కెంపి ఆ పట్టీలను అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక్క ప్రశ్న అడగడానికి తాను ఎంత దూరం తిరిగి రావాల్సి వచ్చిందో లెక్క వేసుకుంటోంది.

తలుపు పూర్తయిన రోజు అడవి అంతా మళ్ళీ వచ్చింది. ఈసారి కెంపే తాత దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది.

"ఒక ముల్లు ఇవ్వు తాతా."

ముల్లు తీసుకుని తలుపు చుట్టూ తనే తిప్పింది. పైన, పక్కన, కింద, మళ్ళీ పైన. ముల్లు ఎక్కడా ఇరుక్కోలేదు. ఆ సందులో వేలు పెడితే సన్నటి గాలి తగిలింది. కెంపికి అది చెక్క ఊపిరిలాగే అనిపించింది.

తాత ఎర్రమన్ను తడిపి తలుపు మీద బొట్టు పెట్టాడు. వేలికి ఇంకా మన్ను మిగిలి ఉంటే, కెంపి నుదుట కూడా ఒకటి పెట్టాడు. అది కెంపి ఎర్రటి ఒంటి మీద ఎవరికీ కనిపించలేదు. దానికి మాత్రం చల్లగా తెలుస్తూనే ఉంది.

నీతి: పెద్దల పనిలో మనకు లోపంలా కనిపించినదాన్ని పూడ్చే ముందు, అది ఎందుకుందో ఒక్కమాట అడగాలి.